బాజ్ కాలి ఉంగరం, మన ఇంటి లగన్



ఇంగ్లండులో మెటల్ డిటెక్టర్ పట్టుకుని పొలాల్లో తిరగడం చాలామందికి ఒక షౌక్. పొలం యజమాని దగ్గర ఇజాజత్ తీసుకుంటారు, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుంటారు, చప్పుడు వచ్చిన చోట జానెడు లోతు తవ్వి చూస్తారు. నాణెమో, గుండీయో, ఏదో ఒకటి దొరుకుతుంది. ఇలా దొరికినవాటిని నమోదు చేయడానికి 1997 నుంచి అక్కడ పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ అని ఒక ఇంతెజామ్ కూడా ఉంది.

అప్పుడప్పుడు ఒక చిన్న వెండి ఉంగరం దొరికి, దొరికినవాళ్ళను తికమక పెడుతుంది. అది చిటికెన వేలికి కూడా పట్టదు. పసిపాప ఉంగరం అనుకుందామంటే దాని మీద పెద్దమనిషి పేరు చెక్కి ఉంటుంది. అసలు సంగతేమిటంటే అది మనిషిది కాదు, పెంపుడు బాజ్‌ది. ఇంగ్లీషులో వెర్వెల్ అంటారు. మధ్యయుగం చివరి రోజుల నుంచి 17వ శతాబ్దం దాకా అక్కడి అమీర్లు షికారు డేగల కాళ్ళకు తోలు పట్టీలు కట్టి, ఆ పట్టీల చివర ఈ ఉంగరాలు కుట్టించేవారు. పిట్టను కూర్చోబెట్టినప్పుడు ఉంగరాల్లోంచి తాడు దూర్చి కడతారు. షికారుకు వదిలేటప్పుడు తాడు తీసేస్తారు, ఉంగరం మాత్రం కాలికే ఉంటుంది. పిట్ట దారి తప్పి ఎక్కడో వాలితే, చూసినవాడు పేరు చదివి యజమానికి అప్పగించాలి. కొన్ని పిట్టలు తిరిగి రాలేదు. తోలు మట్టిలో కలిసిపోయింది, వెండి మిగిలింది.

ఇదంతా నాకు మా ఆపా కొడుకు వల్ల తెలిసింది. ఎల్‌బీ నగర్‌లో ఇంటర్ చదువుతున్నాడు. ఫోన్‌లో ఆ వీడియోలు చూసీ చూసీ ఒకరోజు అన్నాడు: "మామూ, డిటెక్టర్ ఆన్‌లైన్‌లో మిల్తా. ఫజర్ తర్వాత సరూర్‌నగర్ చెరువు గట్టు మీద వెతుకుదాం. నిజాముల కాలం చీజ్ ఏదైనా దొరకదా?"

వాడి షౌక్ చూసి ముచ్చటేసింది. నోట్లోంచి మాత్రం "నక్కో బేటా" అనే వచ్చింది.

ఎందుకో వాడికి రెండు భాగాలుగా చెప్పాను. మొదటిది ఖానూన్. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం, భూమిలో దాగి ఉన్న వస్తువు ఏది దొరికినా, విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. దాచిపెడితే ఏడాది దాకా ఖైదు పడవచ్చు. 2021లో జనగామ జిల్లా పెంబర్తిలో భూమి చదును చేస్తుంటే బిందెలో బంగారం బయటపడింది, దాన్ని అధికారులు స్వాధీనం చేసుకున్నారు. ఇంగ్లండులో షౌక్ అయినది ఇక్కడ కేసు కావచ్చు.

రెండోది చెప్పడానికి కొంచెం టైం పట్టింది. దిల్‌సుఖ్‌నగర్‌లో మెటల్ డిటెక్టర్ అనే మాటకు వేరే చరిత్ర ఉంది. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం కోణార్క్ థియేటర్, వెంకటాద్రి థియేటర్ల దగ్గర రెండు బాంబులు పేలాయి. బస్సు కోసం నిలబడినవాళ్ళు, కోచింగ్‌కు వచ్చిన పిల్లలు చనిపోయారు. ఆ ఇళ్ళలో ఆ సాయంత్రం ఇంకా అయిపోలేదు. అప్పట్నుంచి మాల్ గుమ్మం దగ్గర ఆ డిటెక్టర్ చట్రం దాటినప్పుడల్లా నాకు మొదట గుర్తొచ్చేది వాళ్ళే. రెండో ఆలోచన నా పేరు గురించి. మెషిన్ అందరికీ ఒకేలా మోగుతుంది. ఆ తర్వాత "నామ్ క్యా?" అని అడిగే గొంతే కొందరి పేరు విన్నాక మారుతుంది. తెల్లవారుజామున, చేతిలో డిటెక్టర్, సంచిలో తవ్వుకోల, నెత్తి మీద టోపీ, పేరు మన పేరు. ఆ గట్టు మీద వాణ్ణి ఎవరైనా ఆపితే, వెండి ఉంగరం కోసం వచ్చానంటే నమ్మేదెవరు?

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బాజ్‌కు పేరు కడితే ఇంటికి చేర్చడానికి మామూ. మన పేరు అడిగేది దేనికి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

షౌక్ చంపకూడదు కదా. అందుకే బాజ్ గురించి మన భాషల్లో ఏముందో వెతుకుదాం రమ్మన్నాను. అక్కడ తవ్వితే కలెక్టరు ఇజాజత్ అవసరం లేదు.

ఉర్దూ, ఫార్సీల్లో ఈ ఫన్ను‌కు పెద్ద ఖజానా ఉంది. షికారు పిట్టలను కళ్ళ రంగును బట్టి రెండు జాతులు చేశారు: నల్ల కళ్ళవి సియాహ్ చష్మ్, పసుపు కళ్ళవి గులాబ్ చష్మ్. బహ్రీ, షాహీన్ మొదటి రకం. బాజ్, షిక్రా రెండోవి. బాజ్ అంటే ఆడది, మగదాన్ని జుర్రా అంటారు. ఈ పిట్టల్లో ఆడదే పెద్దది. చేతికి దస్తానా, పిట్ట కళ్ళు కప్పే టోపీ, కాలికి ఘుంఘ్రూ. గంటలు జతగా కట్టి, ఒకదాని స్వరం ఇంకోదానికంటే కొంచెం తేడాగా ఉండేలా చూస్తారు, పొదల్లో ఉన్నా దూరానికి వినపడాలని. లాహోర్ ఇత్తడి గంటలకు యూరప్‌లో కూడా ఖద్ర్ ఉండేది. 13వ శతాబ్దంలో ఈ విద్య మీద పెద్ద కితాబ్ రాసిన చక్రవర్తి రెండో ఫ్రెడరిక్, టోపీ వాడకం అరబ్బుల దగ్గర నేర్చుకున్నానని తానే రాసుకున్నాడు.

ఖురాన్ మజీద్‌లో సూరా మాయిదా నాలుగో ఆయత్‌లోనూ తర్ఫీదు ఇచ్చిన షికారు జీవుల ప్రస్తావన ఉంది. అల్లాహ్ పేరు తలచి వదలాలి, అది పట్టింది నీ కోసం ఆపి ఉంచితే అది హలాల్. ఆకలి తనదే అయినా యజమాని కోసం ఆగడమే ఆ తర్ఫీదు.

తెలుగు ఎక్కడ తక్కువ? నిఘంటువులో సాళువము అంటే డేగ. 1485లో విజయనగర సింహాసనం ఎక్కిన సాళువ నరసింహరాయల ఇంటిపేరులో ఉన్నది ఆ పిట్టే. బీజాపూర్ సుల్తాన్ రెండో ఇబ్రహీం ఆదిల్ షా చేతి మీద బాజ్‌తో గుర్రం ఎక్కిన తస్వీర్ ఒకటి ఇప్పుడు రష్యాలో ఉంది. రాయలవారి ఇంటిపేరులో, సుల్తాను చేతి మీద ఒకటే పిట్ట. అది మా వంతు, ఇది మీ వంతు అని పంచితే పంచబడదు.

ఒక ఆదివారం వాణ్ణి సాలార్‌జంగ్ మ్యూజియంకు తీసుకెళ్ళాను. అక్కడ షాజహాన్ విలుకాడి ఉంగరం ఉంది, బొటనవేలికి పెట్టుకునేది, జేడ్ రాయి. దాని మీద 'సాహిబ్-ఎ-ఖిరాన్-ఎ-సానీ' అనే ఆయన లఖబ్ చెక్కి ఉంది. వాడు అద్దానికి ముక్కు ఆనించి చూసి, "ఏం రాసుంది మామూ?" అన్నాడు. వాడు ఇంగ్లీష్ మీడియం. ఇంగ్లండు పొలంలో దొరికిన ఉంగరం మీది పేరు ఫోన్‌లో చదవగలడు, మూసీ ఒడ్డున ఉన్న ఈ ఉంగరం మీది పేరు చదవలేడు. అలీఫ్, బే అక్కడే నేలమీద కూర్చోబెట్టి నేర్పాలనిపించింది.

అదే వారం ఆపా ఇంట్లో పాత సామాన్ కబాడీకి వేయడానికి తీశారు. ఒక దేగ్, రెండు లగన్లు, మూత ఊడిన పాన్‌దాన్. "దేగ్ కాదు, డేగ ఎక్కడుంది?" అని వాడి మజాక్. ఇత్తడి కిలో లెక్కన తూకం. తూకానికి ముందు లగన్ అంచును చింతపండుతో తోమించాను. చుక్కలు చుక్కలుగా కొట్టిన ఉర్దూ అక్షరాలు తేలాయి. మా నానీ పేరు. శాదీకి ఆమె అబ్బా కొట్టించి ఇచ్చింది. ఇన్నేళ్ళూ బియ్యం కడిగిన గిన్నెలో ఆ పేరు ఉందని ఆపాకు తెలియదు. కాసేపు లగన్‌ను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తర్వాత కబాడీవాడికి దేగ్ ఒక్కటే ఇచ్చి పంపింది.

డేగల్ని పెంచాలనుకునే పిల్లలకు ఒక మాట. 1972 వన్యప్రాణి చట్టం కింద పట్టడం, పెంచడం నేరం. చూడాలంటే ఎల్‌బీ నగర్ దాటి విజయవాడ రోడ్డు మీద మహావీర్ హరిణ వనస్థలి ఉంది. ఒకప్పుడు నిజాం షికార్‌గాహ్, 1975 నుంచి జింకల పార్కు. పొద్దున్నే వెళ్తే షిక్రా కనపడవచ్చు, కాలికి ఎవరి పేరూ లేకుండా.

పెద్దలకు ఇంకో మాట. ఇత్తడి తూకానికి వేసేముందు అంచు తోమి చూడండి. అక్షరాలు ఉంటే, వాటిని చదవగలిగిన పిల్ల ఒక్కరైనా ఇంట్లో ఉండేలా చూడండి. మా వాడు ఇప్పటికి 'జీమ్' దాకా వచ్చాడు.