అందమా, అరికాలా

మా అమ్మాయి దృష్టిలో కాన్వర్స్ ఆల్ స్టార్ తప్ప మిగతావేవీ బూట్లు కావు. నా కాళ్లకేమో న్యూ బ్యాలెన్స్ తప్ప ఇంకోటి పట్టదు. రెండూ మా బోస్టన్ చుట్టుపక్కల పుట్టిన కంపెనీలే. కాన్వర్స్ 1908లో మాల్డెన్‌లో మొదలైంది. న్యూ బ్యాలెన్స్ అంతకు రెండేళ్ల ముందు, అరికాలి వంపు కింద దన్నుగా పెట్టుకునే అట్టలు చేస్తూ మొదలైంది. తేడా పుట్టుకలోనే ఉంది.

ఆల్ స్టార్‌ని తక్కువ చేయను. 1917లో వచ్చి, బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు ఏళ్ల తరబడి ఇష్టంగా వేసుకున్న బూటది. ఇప్పుడు కోర్టులో కనపడదు గానీ, జిమ్ములో బరువులెత్తేవాళ్లు వదలరు. అడుగు గట్టిగా, చదునుగా ఉంటే నిలకడ. ఆ గట్టిదనమే బీకన్ హిల్ ఇటుకల బాట మీద నడిస్తే మడమకు తగులుతుంది. ఆల్ స్టార్‌కే మరో రూపంగా 2013లో వచ్చిన చక్ 70లో లోపలి మెత్త మందం, గుడ్డ దళసరి, ధరా ఎక్కువే. నా చిటికెన వేలికి మాత్రం అందులోనూ చోటు లేదు.

నాది గుంటూరు జిల్లా పాదం. హైస్కూలు దాటేదాకా హవాయి చెప్పులే కాబట్టి వేళ్లు ఇష్టమొచ్చినట్టు విచ్చుకుని పెరిగాయి. ఇక్కడ మగవాళ్ల బూట్లకు మామూలు వెడల్పు డి. ఆపైన 2ఇ, 4ఇ ఉంటాయి. మనవాళ్లలో చాలామంది వెడల్పు సంగతే అడగరు. బిగుతుగా ఉందని సైజు పెంచేస్తారు. వేళ్ల ముందు ఖాళీ, మడమ దగ్గర జారుడు, బొబ్బలు. కొట్లో కొలబద్ద మీద నిలబడి కొలిపించుకోవాలి, బరువు పడితేనే గదా పాదం పరుచుకునేది. అదీ సాయంత్రం పూట, కాళ్లు కాస్త ఉబ్బాక.

ఇంకో సంగతి ఏ కొట్టువాడూ చెప్పడు. మనం ఆష్‌ల్యాండ్ గుడికెళ్లినా, స్నేహితుల ఇంటికెళ్లినా బూట్లు గుమ్మం బయటే. చీలమండ దాకా లేసులున్న చక్ విప్పేసరికి లోపల గారెలు చల్లారిపోతాయి.

"నాన్నా, అవి తాతల బూట్లు" అనేది అమ్మాయి, నా బూడిదరంగు న్యూ బ్యాలెన్స్ 990 చూసి. 1982లో 100 డాలర్లకు వచ్చిన మోడల్ అది, ఇప్పుడు దాదాపు రెట్టింపు. ఈమధ్య కాలేజీ పిల్లలు వాటికోసం ఎగబడుతున్నారట. తనకూ ఒక జత కావాలంది. సగం డబ్బు తను పెట్టుకుంటేనే అన్నాను.