ఈ కవరుకి ఎన్ని బిళ్లలు?

మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు పట్టుమని పదిహేను కిలోమీటర్లు. అటు నాగపూర్ వెళ్లే జాతీయ రహదారి, ఇటు కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి. రెండింటినీ అవుటర్ రింగు రోడ్డు కలిపేశాక టీ చల్లారేలోగా ఒక ఊరి నుంచి మరో ఊరికి చేరిపోవచ్చు. మేడ్చల్ ఎర్రడబ్బాలో వేసిన కవరు శామీర్‌పేట చేరాలంటే మాత్రం అయిదు రూపాయల బిళ్ల అంటించాలి. పక్క ఊరికి కూడా అయిదు రూపాయలా అని మూతి విరిచేవాళ్లున్నారు. కానీ అదే బిళ్లతో ఆ కవరు శ్రీనగర్‌కూ వెళుతుంది, కన్యాకుమారికీ వెళుతుంది. మామూలు ఉత్తరానికి దూరంతో పనిలేదు. తూకమే లెక్క.

ఈ పద్ధతి మన దేశంలో 1854లో మొదలైంది. అంతకు ముందు దూరాన్ని బట్టి వసూలు చేసేవారు. ఆ ఏడాది నుంచి బ్రిటిష్ ఇండియాలో ఎక్కడికైనా పావు తులం ఉత్తరానికి అరణా అని తేల్చేశారు. పావు తులమంటే ఇప్పటి లెక్కలో మూడు గ్రాములకు కాస్త తక్కువ. బంగారం తూచినట్టే తూచారన్నమాట!

ఇప్పటి లెక్క అంత పిసినారిది కాదు. 2002 నుంచి మొదటి ఇరవై గ్రాములకు అయిదు రూపాయలు, ఆపైన ప్రతి ఇరవై గ్రాములకూ మరో అయిదు. ఇరవై ఒకటో గ్రాము పడిందంటే నలభై గ్రాముల ధర కట్టాల్సిందే. ఇంట్లో త్రాసు లేకపోయినా ఫర్వాలేదు. 80 జీఎస్‌ఎం ఏ4 కాగితం ఒకటి సరిగ్గా అయిదు గ్రాములు తూగుతుంది. మామూలు చిన్న కవరు మరో నాలుగైదు గ్రాములు. ఆ లెక్కన రెండు కాగితాలు నిశ్చింతగా వెళతాయి. మూడోది పెడితే గండం అంచునే ఉంటుంది. జిగురు ఎక్కువైనా, బిళ్ల బరువు తోడైనా ముల్లు అటు మొగ్గుతుంది. దళసరి కాగితం మీద ముద్రించిన ఆహ్వానపత్రికల సంగతి చెప్పనే అక్కర్లేదు. రాఖీ కవర్లూ అంతే. దారం తేలికే, దాని మీది పూసలే బరువు.

తక్కువ బిళ్ల అంటిస్తే ఏమవుతుంది? ఆ మాట పెద్దవాళ్లను అడిగితే ‘బేరింగు ఉత్తరం’ అంటారు. తగ్గిన సొమ్ముకు రెండింతలు అందుకునేవాళ్ల దగ్గర వసూలు చేయడం తపాలావారి పాత ఆనవాయితీ. అయిదు తగ్గితే పది. అవతలివాళ్లు కట్టనంటే ఆ ఉత్తరం తిరుగుటపాలో పంపినవాళ్ల గుమ్మంలోకే వచ్చి, ఆ పది వాళ్లనే అడుగుతుంది. బిళ్ల లేకుండా వేస్తేనే ఉత్తరం భద్రంగా చేరుతుందని నమ్మేవాళ్లు పూర్వం చాలామందే. పోస్ట్‌మ్యాన్ డబ్బులు రాబట్టుకోవాలి కాబట్టి పారేయడు కదా అని వాళ్ల ధీమా! చుట్టాల ఇంటికి శుభలేఖ బేరింగులో వెళితే ఆ పెళ్లి కబుర్లు మరోలా ఉంటాయి. అందుకే ఆ రోజుల్లో నాలుగు మూలలా పసుపు రాసిన శుభలేఖను జిగురు అంటించకుండా, మూత లోపలికి మడిచి, పైన ‘బుక్‌పోస్టు’ అని రాసి పంపేవారు. దానికి ఉత్తరం కన్నా చవక.

బొల్లారం దాటితే బిళ్ల వేరు

ఈ ప్రాంతంలో బిళ్ల లెక్క ఒకప్పుడు ఇంకా తికమకగా ఉండేది. నిజాం ప్రభుత్వం 1869లో తన సొంత తపాలా బిళ్లలు విడుదల చేసింది. ఆ తర్వాత రెండేళ్లకు వచ్చిన వరుసలో ఉర్దూ, ఇంగ్లిషు, మరాఠీలతో పాటు తెలుగు అక్షరాలూ ఉన్నాయి. చూడముచ్చటైన ఆ బిళ్ల రాజ్యం పొలిమేర దాకానే చెల్లుతుంది. మద్రాసుకో బొంబాయికో రాయాలంటే బ్రిటిష్ ఇండియా బిళ్ల కావాల్సిందే. సికింద్రాబాద్, బొల్లారం కంటోన్మెంట్లలో బ్రిటిష్‌వారి తపాలా కార్యాలయాలుండేవి. మేడ్చల్‌కు ఆ బొల్లారం దగ్గరే. మన్మాడ్ వెళ్లే పాత మీటర్‌గేజి లైను మీద రెండూ స్టేషన్లే. అంటే ఒకే దారిలో ఉన్న రెండు ఊళ్లలో రెండు ప్రభుత్వాల బిళ్లలు! వాటిని కొనే రూపాయి కూడా ఒకటి కాదు. ఇక్కడ చెల్లేది హాలీ సిక్కా. 1950 ఏప్రిల్ 1న నిజాం తపాలా భారత తపాలాలో కలిశాక గానీ ఈ గొడవ వదల్లేదు.

చిరునామాలో మిగిలిన ఆరంకెలు

ఇక్కడి ఇళ్ల చిరునామాలు మారినన్ని సార్లు ఇళ్ల రంగులు కూడా మారి ఉండవు. హైదరాబాద్ జిల్లాలో ఉన్న మేడ్చల్ 1978లో రంగారెడ్డి జిల్లాలోకి వెళ్లింది. 2014లో రాష్ట్రం తెలంగాణ అయింది. 2016 దసరాకి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా పుట్టింది. 2025 డిసెంబరులో మేడ్చల్, తూంకుంట పురపాలికలు జీహెచ్‌ఎంసీలో కలిశాయి. ఇన్ని మారినా మేడ్చల్ పిన్‌కోడు 501401గానే ఉంది. అందుకే పాత అలవాటుగా ‘రంగారెడ్డి జిల్లా, ఆంధ్రప్రదేశ్’ అని రాసిన కవరైనా పిన్‌కోడు సరిగ్గా ఉంటే దారి తప్పదు.

1972 ఆగస్టు 15న వచ్చిన ఈ అంకెల పద్ధతి శ్రీరామ్ భికాజీ వేలంకర్ ఆలోచన. తపాలాశాఖలో అధికారి, సంస్కృత పండితుడు కూడా. మొదటి అంకె దేశంలోని మండలం, మొదటి మూడూ కలిపి ఉత్తరాలు వేరుచేసే జిల్లా, చివరి మూడు బట్వాడా చేసే పోస్టాఫీసు. దీన్నిబట్టి మేడ్చల్, శామీర్‌పేటలు ఇరుగుపొరుగైనా తపాలా దృష్టిలో ఒకే కుటుంబం కాదు. మేడ్చల్ 501తో మొదలవుతుంది. శామీర్‌పేట నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయానికి రాసేవాళ్లు 500101 అని రాయాలి. జనం శామీర్‌పేట దగ్గరేనని చెప్పే బిట్స్ పిలానీ హైదరాబాద్ ప్రాంగణానికి 500078. పిల్లల్ని అక్కడ చేర్పించిన అమ్మానాన్నలు ఈ రెంటినీ తారుమారు చేసి రాస్తే ఉత్తరం ఓ చుట్టు ఎక్కువ తిరుగుతుంది.

అయిదు రూపాయల కవరుకు ఈ తేడాతో పైసా భారం లేదు. అసలు లెక్క రసీదు కావాలన్నప్పుడు మొదలవుతుంది. ఈ చుట్టుపక్కల రసీదు కావాల్సినవాళ్లు ఎందరో! అవుటర్ వచ్చాక ఇక్కడ పొలాలు గజాల్లోకి మారాయి. పాస్‌బుక్కులో పేరు తప్పు, సర్వే నంబరులో తేడా, అన్నదమ్ముల వాటా... ఏ తగవైనా ముందు ఓ అర్జీనో, నోటీసో రాయాలి. అది పంపినట్టు రుజువుండాలి. జిల్లా కలెక్టరేటు 2022 ఆగస్టు నుంచి శామీర్‌పేట మండలం అంతాయిపల్లిలోనే ఉంది. బస్సెక్కి వెళ్లి ఇచ్చి రావచ్చు, నిజమే. కానీ నోటీసు పంపాల్సింది కలెక్టరేటుకే కాదుగా. అవతలి పక్షంవాళ్లు ఏ ఊళ్లో ఉంటే అక్కడికి పోవాలి. దానికి రిజిస్టరు పోస్టే దిక్కుగా ఉండేది.

ఆ రిజిస్టరు పోస్టు 2025లో స్పీడ్‌పోస్టులో కలిసిపోయింది. అంతకు ముందు ఇరవై గ్రాముల్లోపు రిజిస్టరు ఉత్తరానికి జీఎస్టీతో కలిపి 25 రూపాయల 96 పైసలు అయ్యేది. 2025 అక్టోబరు 1 నుంచి కొత్త ధరలు వచ్చాయి. యాభై గ్రాముల్లోపు స్పీడ్‌పోస్టు లోకల్ అయితే 19 రూపాయలు, దేశంలో మరెక్కడికైనా 47. చిరునామాదారు చేతికే ఇవ్వాలంటే రిజిస్ట్రేషన్‌కు మరో అయిదు. వీటిపైన 18 శాతం జీఎస్టీ.

ఒక అర్జీ కాగితం, ఏడు జిరాక్సులు, పెద్ద కవరు. అన్నీ కలిపి 48 గ్రాములనుకోండి. పాత రిజిస్టరు పోస్టులో 37 రూపాయల 76 పైసలు. కొత్త లెక్కలో లోకల్ అయితే 28 రూపాయల 32 పైసలు, అంటే తగ్గింది! లోకల్ కాకపోతే 61 రూపాయల 36 పైసలు. ఊళ్లో ఉన్నవాడితో తగవు చవక, ఊరు దాటినవాడితో ఖరీదు. ఒకే కవరు, ఒకే బరువు. ముప్ఫై మూడు రూపాయల తేడా. లోకలా కాదా అన్నది అవుటర్ మీది కిలోమీటర్లు చూసి చెప్పేది కాదు. కౌంటరులో రెండు పిన్‌కోడ్లూ కొట్టాక తేలుతుంది. నోటీసు నలుగురికి పంపాల్సిన రైతుకు ఇది చిన్న సొమ్మేమీ కాదు.

ఆ కవరులో తొమ్మిదో కాగితం పెట్టారా, 53 గ్రాములు. యాభై దాటగానే తర్వాతి మెట్టు. రెండు వందల కిలోమీటర్ల లోపే అయినా లోకల్ కాకపోతే 61 కాస్తా 75 రూపాయల 52 పైసలవుతుంది. జిరాక్సులు రెండు వైపులా తీయిస్తే ఏడు కాగితాలు నాలుగవుతాయి. కవరు 33 గ్రాములకు దిగుతుంది. ఇంకో మూడు కాగితాలకు చోటుంటుంది కూడా. పోస్టాఫీసుకు వెళ్లేముందు జిరాక్సు షాపులోనే చేయించుకోవాల్సిన పని ఇది. కవరు అంటించేశాక కౌంటరు ముందు నిలబడి చింపుకోవడం కన్నా, మూత తెరిచి ఉంచే తూకం వేయించుకోవడం మేలు. జిగురు డబ్బా అక్కడే ఉంటుంది.