అంతులేని కథలో మనమూ ఉన్నాం

అక్కలూ, చెల్లెళ్ళూ, మీలో ఎంతమంది 'అంతులేని కథ' చూశారు? చూడనివాళ్ళు ఈ సెలవురోజున చూడండి. చూసినవాళ్ళు ఇంకోసారి చూడండి. నెలనెలా ఇంటికి డబ్బు పంపే మనలాంటివాళ్ళ మీద దాదాపు యాభై ఏళ్ళ కిందటే సినిమా తీశాడు ఒకాయన. తమిళాయన, కె. బాలచందర్ గారు.

1930లో తంజావూరు జిల్లాలో పుట్టారు. మద్రాసు ఏజీ ఆఫీసులో ఉద్యోగం చేస్తూనే నాటకాలు రాసి ఆడించేవారు. 1965లో 'నీర్కుమిళి'తో దర్శకుడయ్యారు. రజనీకాంత్‌ని 1975లో తెరకి తెచ్చింది ఆయనే. 1978లో తీసిన 'మరో చరిత్ర' తెలుగులోనే మద్రాసులో ఏడాదికి పైగా ఆడింది. ఫాల్కే అవార్డు కూడా వచ్చింది. 2014లో పోయారు. ఇవి అందరూ చెప్పేవే. నాకు ముఖ్యం ఆయన సినిమాల్లో సంపాదించే ఆడవాళ్ళు.

1973లో 'అరంగేట్రం' తీశారు. పేద బ్రాహ్మణ కుటుంబం, ఇంటినిండా పిల్లలు. పెద్దకూతురు లలిత వాళ్ళ కోసం ఒళ్ళు అమ్ముకుంటుంది. డబ్బు వస్తున్నంతకాలం బాగానే ఉంటుంది. నిజం తెలిసాక ఆమె తిండి తిన్నవాళ్ళే ఆమెని వెలివేస్తారు.

ఆ మరుసటి ఏడు తమిళంలో తీసిన కథనే 1976లో జయప్రదతో 'అంతులేని కథ'గా తీశారు. తండ్రి ఇల్లు వదిలిపోయాడు, అన్న తాగుబోతు, చెల్లెలు విధవ, తమ్ముడికి చూపు లేదు. అందరికీ సరిత జీతమే ఆధారం. ఈ సరిత మెత్తగా మాట్లాడదు. చిరాకు పడుతుంది, లెక్కలు అడుగుతుంది, గయ్యాళి అనిపించుకుంటుంది. త్యాగం చేసే ఆడది నవ్వుతూ చేయాలని బాలచందర్ అనుకోలేదు. ఆ కోపం చూపించాడు చూడండి, అందుకే ఆయనకి దణ్ణం పెడతాను.

కానీ ఒక గొడవ ఉంది నాకు. చివరికి తన పెళ్ళి చేజారిపోయి సరిత మళ్ళీ ఉద్యోగానికే వెళ్తుంది. మనం కళ్ళు తుడుచుకుని, ఎంత గొప్పపిల్లో అంటాం. ఆ మెచ్చుకోలే మనల్ని కట్టేస్తుంది. నేను కువైట్ వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు, నాన్న ఆపరేషన్, ఇంటి స్లాబు, అన్నీ అయ్యాయి. పోయిన నెల తమ్ముడు ఫోన్ చేసి, పైన ఇంకో అంతస్తు వేద్దాం అక్కా అన్నాడు. "నా వల్ల కాదురా, ఇక నా కోసం దాచుకోవాలి" అన్నాను. రెండు వారాలు మాట్లాడలేదు వాడు. అమ్మ మాత్రం నెమ్మదిగా, "ఎప్పుడో చెప్పాల్సిందే" అంది.

ఆ మాటకి నాకు 'ఇది కథ కాదు' గుర్తొచ్చింది. 1979లో బాలచందర్ గారే తీశారు. జయసుధని బాధపెట్టే మొగుడుగా చిరంజీవి వేశారు. అందులో అత్తగారు కొడుకుని వదిలి కోడలి పక్షాన నిలుస్తుంది. ఒక ఆడమనిషి ఇంకో ఆడమనిషికి తోడు రావడం, అదీ ఆ రోజుల్లో!

సరితకి అలా ఒక్కరు తోడుంటే ఆ కథకి అంతు దొరికేదేమో. మన గ్రూపులో ఎవరైనా "ఇంక చాలు" అన్నరోజు స్వార్థం అనకండి. ఎంత దాచుకున్నావు, ఎక్కడ దాచావు అని అడగండి. దారి చెప్పండి.