చిన్నరసము

నూజివీటి చిన్నరసము కత్తితో కోసి తిను మామిడిపండు కాదు. అరచేత మెత్తగా నలిపి, ముచ్చిక తీసి, జుఱ్ఱుకొనవలసినది. మతిమఱపు వ్యాధి ముదిరి, కంచములోని యన్నము నన్నముగా గుర్తింపక, పెట్టిన ముద్దను బుగ్గనుంచుకొని మ్రింగుట మఱచిన మా పెదతల్లి, పండు చేతికీయగనే వ్రేళ్లతో నలుపసాగినది. 1906లో ఆల్జీమర్ అను జర్మను వైద్యుడు తొలుత వివరించిన యీ రోగమున, చేతులకు చిరకాలమలవడిన పనులు తక్కిన జ్ఞాపకములకంటె తఱచు నాలస్యముగ నశించును. అట్లని పండు నామె చేతికే విడిచిపెట్టరాదు: టెంకయు పీచును గొంతున కడ్డుపడవచ్చును, పలుచని రసము శ్వాసనాళమున జారవచ్చును. కావున నిటారుగ కూర్చుండబెట్టి, వడకట్టిన చిక్కని గుజ్జును చిన్న చెంచాతో, మొదటిది మ్రింగినదని చూచిన పిదపనే రెండవది యీయవలెను. ఆమె నోరు తెఱవకుండుటను మొండితనమనెడి బంధువులున్నారు. నాకు వారి తొందరయే మొండితనముగ తోచును. ఆషాఢము దాటి రసములు వెళ్లిపోయిన వెనుక, మెత్తని పెరుగన్నముతో నెట్టుకొనిరావలయును.