చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం

సత్యాన్ని కనుగొనటంతో పరిశోధన ముగియదు. అవసరమున్న వాని గడపను ఆ సత్యం దాటినప్పుడే అది సార్థకమవుతుంది. మా చదువును చూచియే మేము ఈ మాట అనుచున్నాము. ఏడాది పొడుగునా శ్రమించి వ్రాసిన మా నివేదికలు పరీక్ష ముగిసిన మరునాడు బీరువా చేరుతున్నవి. ప్రపంచంలోనూ అట్టి బీరువాలెన్నో ఉన్నవి. వాటినుండి వెలువడి పల్లెల వంటిండ్లకు చేరిన ఒక పరిశోధన చరిత్ర మనకు పాఠం కాదగినది.

కలరా రోగి శరీరంలోని నీటిని, లవణాలను కోల్పోయి మరణిస్తాడు. ఉప్పుతోపాటు గ్లూకోజు కలిపి త్రాగిస్తే ప్రేగులు ఆ నీటిని పీల్చుకొనగలవని 1968లో ఢాకాలోని పరిశోధనాలయంలో రోగులపై ఋజువైనది. అయినను వైద్యులు సెలైన్ సీసానే నమ్మిరి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో పశ్చిమ బెంగాల్‌లోని బంగావ్ శరణార్థి శిబిరంలో ఆ సీసాలు నిండుకొన్నవి. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణాన్నే కలిపించి, రోగుల బంధువుల చేతనే త్రాగించిరి. నూటికి 30 వరకు ఉన్న మరణాలు 4కు లోపుగా తగ్గినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అతిసార నివారణ కార్యక్రమానికి దీనిని ఆధారం చేసుకొన్నది 1978లో. అనగా ఋజువైన పదేండ్లకు!

విధానం మారినంతమాత్రాన తల్లి చేయి మారునా? విరేచనాలైన బిడ్డకు నీరు పోయరాదన్న మాటను మేమును మా ఇండ్లలో విన్నవారమే. 1980 నుండి బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి, అర సేరు నీటిలో మూడువేళ్ళ చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం కలుపుట నేర్పిరి. తల్లులు ఎంత గుర్తుంచుకొన్నారో దానినిబట్టియే వారికి వేతనం. అయినా తొలినాళ్ళలో దానిని వాడినవారు కొద్దిమందే. విచారించగా, నేర్పువారిలోనే కొందరికి దానిపై నమ్మకం లేదని తేలినది. ఇంటి పురుషులకు ఎవరూ చెప్పలేదనియు తెలిసినది. అంతట కార్యకర్తలకు కారణాలు బోధించిరి. బజారులలో, మసీదులలో పురుషులతోనూ మాటలాడిరి. పదేండ్లలో 1 కోటి 20 లక్షల ఇండ్లకు ఈ విద్య చేరినది.

ఋజువు ఒక్కటే చాలదు. దానిని మోయువారికి నమ్మకం ఉండవలె. వినువారిని తిరిగి ప్రశ్నించు ఓపిక ఉండవలె. విఫలమైనచోట ఒప్పుకొని దిద్దుకొను ధైర్యం ఉండవలె. నేటికీ ఏటా లక్షలాది పసిపిల్లలు అతిసారంతో కన్నుమూయుచున్నారు. మందు తెలియక కాదు, అందక.

సోదర విద్యార్థులారా! మన నివేదికల చివరి పుటలో ఇకమీద ఒక ప్రశ్న చేర్చుదము: ఇది ఎవరి గడప చేరవలె, ఎవరు చేర్చవలె? కళాశాల పెద్దలు ఆ బీరువా తాళపుచెవిని మాకు అనుగ్రహించెదరుగాక!