మాకిల్స్‌ఫీల్డులో ఒక దినము

మాంచెస్టరు నగరమునకు దక్షిణముగా, రైలులో అరగంట లోపల చేరదగిన దూరమున, మాకిల్స్‌ఫీల్డు అను చిన్న పట్టణము కలదు. ఇంగ్లండునకు పోవు మనవారిలో ఈ యూరికి పనిగట్టుకొని పోవువారు మిక్కిలి తక్కువ. మేము పోవుటకు రెండు కారణములు. ఒకటి పట్టు, రెండవది పాట. పట్టు మాట చెప్పగానే మన సోదరీమణులు మెచ్చుకొందురు. పాట యెట్టిదో చెప్పినచో కొందఱు ముక్కుమీద వ్రేలు వేసికొనవచ్చును. ఏలయన నది గిటారులు, డ్రమ్ములు మ్రోగించి కుఱ్ఱవాండ్రు పాడెడి రాక్కు సంగీతము. మాలో పెద్దవారికి మొదట నది రుచింపలేదు. పిల్లలు వినుచుండగా చెవిని పడి, క్రమముగా అలవాటయినది.

స్టేషను వెలుపలికి వచ్చినతోడనే ఊరు మనకు మీదుగా, గుట్టపై కనబడును. సెయింట్ మైకేల్ దేవాలయము వఱకు రాతి మెట్ల వరుస యొకటి కలదు. దానికి 108 మెట్లు అనియే పేరు. ఆ సంఖ్య వినగానే మాలో నొకరు “అష్టోత్తరమా!” యని నవ్విరి. లెక్కపెట్టుచు ఎక్కితిమి గాని నడుమ మాటలలో పడి లెక్క తప్పితిమి.

ఈ యూరి పట్టు కథ గుండీలతో ప్రారంభమయినది. 17వ శతాబ్దమున ఇచ్చటి స్త్రీలు ఇండ్లలో కూర్చుండి కొయ్య గుండీలపై పట్టుదారము చుట్టి అమ్మెడివారు. 1743లో చార్లెస్ రో అనునతడు నీటి చక్రముతో దారము పేనెడి మిల్లును కట్టించెను. పిమ్మట మిల్లులు పెరిగి ఊరే పట్టు ఊరయినది. దారము మాత్రము ఇచ్చటిది కాదు, పరదేశములనుండి రావలసినదే. పారడైజ్ మిల్లు అను నొక మిల్లులో 26 జకార్డు మగ్గములను వరుసగా నిలిపి యుంచినారు. 1981 వఱకు వానిమీద చేతితోనే నేసినారట. రంధ్రములు పొడిచిన అట్టలు మీద తిరుగుచుండుట చూచి మాకు ధర్మవరము జ్ఞప్తికి వచ్చినది. మన నేతగాండ్ర యిండ్లలో గూడ జకార్డు మగ్గములే కదా! కొంతసేపు పరాయి దేశమున నున్నట్లే తోపలేదు.

ఇక పాట మాట. 1976 జూన్ 4వ తేదీన మాంచెస్టరులోని ఒక చిన్న సభామందిరమున సెక్స్ పిస్టల్స్ అను మేళము పాడినది. విన్నవారు కొద్దిమందియే. వారిలో సాల్ఫర్డునుండి వచ్చిన ఇద్దఱు బాల్యమిత్రులు, బెర్నార్డ్ సమ్నర్, పీటర్ హుక్, ఉండిరి. పాడినవారికి సంగీతము సరిగా రాదనియు, రాకున్నను జంకక పాడిరనియు గ్రహించి, ఆ పని తామును చేయగలమని వీరికి ధైర్యము కలిగినది. హుక్ తల్లియొద్ద 35 పౌనులు అప్పుతెచ్చి బేసు గిటారు కొనెను. తల్లులు ఇట్టి అప్పులు ఎన్ని యిచ్చి యుందురో, తిరిగి వచ్చినవి యెన్నియో!

పాడువాడు కావలెనని మాంచెస్టరులో రికార్డుల దుకాణమున ప్రకటన అంటించిరి. దానిని చూచి వచ్చినవాడు మాకిల్స్‌ఫీల్డు వాడైన ఇయన్ కర్టిస్. డ్రమ్ముల వాద్యకారుడు మాత్రము కుదురలేదు. ఒకడు వచ్చెను, పోయెను. ఇంకొకనిని వదలించుకొనుటకు, కారు చక్రములో గాలి పోయినట్లున్నది, దిగి చూడుమని చెప్పి, వాడు దిగగానే కారు నడుపుకొని పోయిరట! కుఱ్ఱతనము. ఎదురుగా కూర్చుండబెట్టి ‘నీవు వలదు’ అని చెప్పుటకు వారికి నోరు రాలేదు కాబోలు. తుదకు మాకిల్స్‌ఫీల్డులోని వాద్యముల దుకాణమున మఱియొక ప్రకటన పెట్టగా, కర్టిస్ చదివిన బడిలోనే చదివిన స్టీఫెన్ మారిస్ వచ్చి చేరెను. ఇది 1977వ సంవత్సరపు మాట. ఆ నలుగురు మఱి మాఱలేదు, మృత్యువు మార్చునంతవఱకు.

1978లో వారు జాయ్ డివిజన్ అను పేరు పెట్టుకొనిరి. నాజీల నిర్బంధ శిబిరములలో బందీలైన స్త్రీలను సైనికుల భోగమునకు అప్పగించిన విభాగమునకు ఒక నవలలో నున్న పేరది. ఇరువది యేండ్ల యువకులు లోకమును ఉలికిపడజేయుటకు పెట్టుకొన్నారని సరిపెట్టుకొనవచ్చును గాని, ఆ స్త్రీలను తలచుకొన్నపుడు మాకు ఆ పేరు నేటికిని మింగుడుపడదు.

పెద్ద కంపెనీల ఆశ్రయము లేక చిన్న స్వతంత్ర సంస్థల ద్వారమున రికార్డులు వెలువరించు మేళములకు ఆ దేశమున ఇండీ యని పేరు. వీరి సంస్థ మాంచెస్టరులోని ఫ్యాక్టరీ రికార్డ్స్. లాభము చెరిసగము అను పద్ధతి. వీరి మొదటి పెద్ద రికార్డు ‘అన్‌నోన్ ప్లెజర్స్’ 1979 జూన్‌లో వచ్చినది. నల్లని అట్టమీద కొండల వరుసవలె నున్న తెల్లని గీతలు నేడు ప్రపంచమంతట యువకుల చొక్కాలమీద కనబడును. అవి పల్సరు అను నక్షత్రము పంపిన రేడియో తరంగముల పటము. 1967లో ఆ నక్షత్రమును మొదట కనిపెట్టినది కేంబ్రిడ్జిలో చదువుకొనుచున్న జోసిలిన్ బెల్ అను యువతి. 1974లో నోబెల్ బహుమానము మాత్రము ఆమె గురువుగారికి వచ్చినది. ఆ చొక్కా తొడిగికొన్న వారిలో ఎందఱికి ఆమె పేరు తెలియునో!

కర్టిస్ 19 ఏండ్లకే వివాహమాడెను. పగలు ఉద్యోగముల కార్యాలయమున అంగవికలురకు పని చూపెడి కొలువు చేయుచు, రాత్రులు పాడుచుండెను. 1979 మొదట అతనికి అపస్మారమని వైద్యులు చెప్పిరి. కొన్ని మాసములకు ఆడపిల్ల కలిగెను. ప్రయాణములు, నిద్రలేమి, వేదికమీది వెలుగులు, వ్యాధి, ఇంటి కలతలు అన్నియు కలిసి అతనిని కృశింపజేసినవి. 1980 మే 18వ తేదీన, మొదటిసారి అమెరికాకు బయలుదేరవలసిన దినమునకు ముందటి దినమున, అతడు తన ప్రాణము తానే తీసికొనెను. వయస్సు 23. భార్య డెబొరా 1995లో తన కథ వ్రాసి ప్రకటించినది. భార్యలు, ప్రియురాండ్రు కచేరీలకు రాకుండ దూరముగా నుంచిరని ఆమె అందు వ్రాసినది. మేళము కథను మేళములోనివారే చెప్పుచున్నంతకాలము తెలియని సంగతులు అందు చాల కలవు.

ఆ యిల్లు ఇప్పటికిని ఆ యూరిలో నున్నది. మేము ఆ వీధికి పోలేదు. మనసొప్పలేదు. శ్మశానవాటికకు మాత్రము పోయితిమి. దారి ప్రక్కన గట్టువలె నున్న చిన్న రాయి. దానిపై పేరు, తేదీ, అతని పాటలోని ఐదు మాటలు. 2008లో మొదటి రాతిని ఎవరో అపహరించుకొని పోగా, వేఱొకటి పెట్టినారు. దానిచుట్టు నాణెములు, గిటారు మీటెడి చిన్న బిళ్లలు, వానకు తడిసి అక్షరములు కరిగిన ఉత్తరములు. ఒక యువతి పూలు పెట్టి, చాలసేపు నిలిచి, మావంక చూడకయే వెడలిపోయినది.

నలుగురిలో నెవ్వరు పోయినను ఆ పేరు విడిచివేయవలెనని వారు ముందే అనుకొని యుండిరి. ఆ మాట నిలుపుకొనిరి. సన్నాయి విద్వాంసుడు పోయిన మేళమునకు డోలు వాద్యకారుడు వేఱొక సన్నాయిని వెదకికొనును. వీరు అట్లు చేయలేదు. ముగ్గురును న్యూ ఆర్డర్ అను క్రొత్త పేరు పెట్టుకొని, వంతులవారీగా పాడి చూచిరి. తుదకు పాడుట సమ్నర్ మీద పడినది. కర్టిస్ తుది దినములలో కట్టిన ‘సెరిమొని’ యను పాట యొక టేపుమీద నిలిచినది గాని, మాటలు స్పష్టముగా లేవు. యంత్రమున ధ్వనిని వడగట్టి మాటమాటయు పోల్చుకొనిరట. పోయినవాని గొంతును అట్లు చెవియొగ్గి వినుచు వారు గడపిన గంటలను ఊహించుట కష్టము.

గిటారు వాయించుచు పాడుట సమ్నర్‌కు చాలని పనియైనది. అప్పుడు వచ్చినది గిలియన్ గిల్బర్ట్. మాకిల్స్‌ఫీల్డులో పెరిగిన పిల్ల. స్టాక్‌పోర్టులో చిత్రలేఖనపు చదువు చదువుచుండెను. ఆమె ఆడపిల్లల మేళము వీరి ప్రక్క గదిలోనే సాధన చేసెడిదట. లివర్‌పూలులో సమ్నర్ చేతికి గాయమైన నాడు ఆమెయే గిటారు పట్టి ఆదుకొన్నది. 1980 అక్టోబరులో ఆమె మొదటిసారి వారితో వేదిక నెక్కెను. 1981లో ‘సెరిమొని’ రెండుమాఱులు వెలువడినది: ముగ్గురు వాయించినది మొదటిది, గిలియన్‌తో కలిసి నలుగురు వాయించినది రెండవది. మేము రెండును వెంటవెంట వింటిమి. మొదటిదానిలో నడుమ ఖాళీ యున్నట్లు తోచును. రెండవది నిండుగా నున్నది. మాలో మొదటిదే మేలనువారును కలరు.

తరువాతి కీర్తి త్వరగా చెప్పెదము. 1983లో ‘బ్లూ మండే’ వచ్చి, పండ్రెండంగుళముల సింగిల్ రికార్డులలో మిక్కిలి అమ్ముడుపోయినదై నిలిచినది. సంపాదనలో చాలభాగము 1982లో తెఱచిన హసియెండా అను నాట్యశాలలో మునిగినది. అది 1997లో మూతపడి, ఆ స్థలమున నేడు అదే పేరుతో నివాసగృహములు లేచినవి. ఫ్యాక్టరీ 1992లో దివాలా తీసినది. గిలియన్, మారిస్ ఇరువురు కలిసి వేఱుగా పాటలు చేసికొని ‘ది అదర్ టూ’, అనగా ‘మిగిలిన యిద్దఱు’, అని పేరు పెట్టుకొన్నారు. పత్రికలు ఎల్లప్పుడు సమ్నర్, హుక్‌ల నడుమనే తిరుగుచుండగా, ఈ పరిహాసము మాకు నచ్చినది. 1994లో వారు వివాహమాడిరి.

2001లో గిలియన్ జబ్బుపడిన కుమార్తెను చూచుకొనుటకై మేళము విడిచెను. ఆమె స్థానమున ఫిల్ కన్నింగ్‌హామ్ వచ్చెను. మేళముల చరిత్రలలో నిది ఒక పంక్తి: ‘2001, ఆమె వెడలెను.’ తల్లిదండ్రు లిరువురును ఒకే మేళమున నుండగా, ఇంటికి వచ్చినది తల్లి, డ్రమ్ములయొద్ద నిలిచినది తండ్రి. ఎవరు నిర్ణయించిరో, ఎట్లు నిర్ణయించిరో అది వారి యింటి సంగతి. కాని రెండు దినములు ఈ సంగతియే మామధ్య నలిగినది. ఇష్టపడి విడిచినదే త్యాగమని ఒకరు, అడుగకయే ఆడుదానినుండి ఆశింపబడునది త్యాగమెట్లగునని మఱియొకరు. తేల్చుకొనలేకపోయితిమి.

2007లో హుక్ విడిపోయెను. ఈసారి కారణము ప్రేమ కాదు, వ్యాజ్యము. మేళపు పేరు, దాని రాబడులను గూర్చిన తగవు కోర్టు కెక్కి 2017 వఱకు సాగినది. పదునొకండేండ్ల బాలురుగా బడిలో కలిసినవారు సమ్నర్, హుక్! 2011లో, వీరి పాటలకు చిత్రములు తీసిన మైకేల్ షాంబర్గ్ రోగపీడితుడు కాగా, అతని వైద్యమునకై బ్రస్సెల్సులో, పారిసులో కచేరీలు జరిపిరి. పది సంవత్సరముల పిమ్మట గిలియన్ తిరిగి వచ్చినది ఆ కచేరీలకే. ఆమెకు బదులు వచ్చిన కన్నింగ్‌హామ్‌ను పంపివేయలేదు. హుక్ స్థానమున టామ్ చాప్‌మన్ చేరి ఐదుగురైరి. 2015లో వెలువడిన వారి రికార్డులో ఆమె వాద్యము మరల వినబడును.

సాయంకాలము వాన పట్టగా ఒక టీ దుకాణమున చేరితిమి. దుకాణపు ముసలామెను, కర్టిస్ పేర రాయి యున్నది గదా, ఈ యూరిలోనే పెరిగిన గిలియన్ పేర ఏదైన నున్నదా యని అడిగితిమి. ఆమె కప్పులు తుడుచుచు, “ఆ అమ్మాయి బ్రతికే యున్నది కదా, రాయి యెందులకు?” అన్నది. మేమును నవ్వి, డబ్బిచ్చి, వాన తగ్గువఱకు ఆగి, మెట్ల దారిని స్టేషనుకు దిగితిమి.