మూడు పంక్తుల మాసిక

ఆడిటరు మొహం చూసి సంతోషించిన మనిషిని నా ముప్ఫైయొక్క ఏళ్ళ సర్వీసులో నేను ఎరుగను. మేము ఊళ్ళోకి దిగామంటే చాలు, పంచాయతీ గుమాస్తాగారి మేనమామకు ఎక్కడో జబ్బు చేసేది. క్యాష్ బుక్కు ఎవరో పట్టుకెళ్ళేవారు. కాఫీలు మాత్రం వేళకు వచ్చేవి. మా పని అభ్యంతరాలు వ్రాయడం. ఒక్కొక్క అభ్యంతరాన్నీ మేము పేరా అంటాము. పేరా వ్రాయడం అరగంట పని. దానికి సమాధానం రావడానికి ఏడేళ్ళు పట్టిన సందర్భాలున్నాయి. సమాధానం తృప్తికరంగా ఉంటే పేరా డ్రాపవుతుంది. లేకపోతే అది మనకంటె ఎక్కువకాలం బ్రతుకుతుంది.

అటువంటి ఉద్యోగం చేసి రిటైరై, కాకినాడలో నిక్షేపంగా కాళ్ళు బారచాపుకు కూర్చుంటే, అభ్యంతరాలు మా ఇంటికే వెతుక్కుంటూ వచ్చాయి. నా మీద కాదు లెండి, మా కోడలి మీద.

మా కోడలు కంప్యూటరు ఇంజనీరు. మనవరాలు పుట్టాక హైదరాబాదులో ఉద్యోగం మానేసింది. మావాడి ఉద్యోగం ఇంట్లోంచి చేసుకునేది కాబట్టి అందరూ మా దగ్గరికే వచ్చేశారు. పిల్లకు రెండేళ్ళు నిండాక కోడలు మళ్ళీ దరఖాస్తులు పెట్టడం మొదలుపెట్టింది. ఎక్కడికి వెళ్ళినా ఒకటే ప్రశ్న: "ఈ రెండేళ్ళూ ఏం చేశారు?" పిల్లను పెంచాను అంటే అది వాళ్ళ కాగితాల్లో ఏ గడిలోనూ పట్టదు. మూడోచోట కూడా ఆ మాటే అడిగాక ఇంటికొచ్చి రెండురోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మూడోనాటి రాత్రి పిల్ల నిద్రపోయాక కంప్యూటరు ముందు కూర్చుంది. ఆ రోజునుంచి రోజూ అర్ధరాత్రిదాకా అదే వరస.

"జీతమా భత్యమా, ఈ జాగారం దేనికే తల్లీ?" అని మా ఆవిడ.

"మాసిక వేస్తున్నానండి అత్తయ్యగారూ," అంది కోడలు నవ్వుతూ.

నిజంగా మాసికే. ఇంగ్లీషులో ప్యాచ్ అంటారు. లినక్స్ అని ఒక ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. దాని గుండెకాయను కెర్నెల్ అంటారు. 1991 ఆగస్టు 25న ఫిన్లండులో హెల్సింకీ విశ్వవిద్యాలయం విద్యార్థి, 21 ఏళ్ళ కుర్రవాడు లినస్ టోర్వాల్డ్స్, సరదాకి ఒకటి తయారుచేస్తున్నాను, పెద్దదేమీ కాదు, అని లోకానికి చాటాడు. పెద్దది కాదన్నది ఇప్పుడు మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోనులో ఉంది. 2021లో అంగారకగ్రహం మీద ఎగిరిన ఇంజెన్యుయిటీ అనే చిన్న హెలికాప్టరులోనూ అదే ఉంది. మొదట సుమారు పదివేల పంక్తులుండేది, 2025 నాటికి సుమారు 4 కోట్ల పంక్తులయింది. విశేషమేమిటంటే, ఆ పంక్తులన్నీ ఎవరైనా చదువుకోవచ్చు. ఎక్కడైనా చిరుగు కనిపిస్తే ఎవరైనా మాసిక కుట్టి పంపవచ్చు. వేసుకుంటారా లేదా అన్నది వేరే సంగతి.

మా కోడలికి కనిపించిన చిరుగు చాలా చిన్నది. వేడిని కొలిచే ఒక చిప్పును నడిపించే ప్రోగ్రాము ఉంది. దాన్ని డ్రైవరు అంటారు. అది ముందుగా చిప్పుకు కరెంటు ఇప్పిస్తుంది. తరువాతి మెట్టులో ఏదైనా చిక్కు వస్తే "నా వల్ల కాలేదు" అని చెప్పి బయటికి వచ్చేస్తుంది. వస్తూ వస్తూ ఆ కరెంటు ఆపించాలి గదా, ఆపించదు.

నాకు వెంటనే అర్థమయింది. టూరుకని అడ్వాన్సు తీసుకుని, టూరు రద్దయితే ఆ సొమ్ము తిరిగి కట్టకుండా ఇంటికి పోయే ఉద్యోగులను ఎంతమందిని చూశాను! మా భాషలో దాన్ని సర్దుబాటు కాని అడ్వాన్సు అంటారు. ఈ మాట చెబితే కోడలు, "సరిగ్గా అదే మామయ్యగారూ!" అంది. అప్పటినుంచీ నాకూ ఈ వ్యవహారంలో కాస్త హక్కు ఏర్పడింది.

ఒకే ఒక్క పంక్తి మార్చి పంపింది. పంపడానికి కూడా ఎంత ఆచారమనుకున్నారు! ఉత్తరం సాదా అక్షరాల్లో ఉండాలి, రంగులూ బొమ్మలూ పనికిరావు. కెర్నెలులో ఏ వాటా ఎవరి పాలనలో ఉందో ఒక పట్టీ ఉంది. ఆ పాలకులను మెయింటెయినర్లంటారు. వాళ్ళకే పంపాలి. ఏం మార్చావో కోడు చూస్తే తెలుస్తుంది, ఎందుకు మార్చావో వ్రాయి అంటారు. చిట్టచివర పేరుతో సంతకం. "ఈ పని పంపడానికి నాకు హక్కుంది" అని దాని అర్థం. 2004లో ఈ సంతకం పద్ధతి పెట్టారట. మాసిక ఎవరెవరి చేతులు మారి పైకి పోతుందో వాళ్ళందరూ క్రింద తమ సంతకం చేర్చుతూ పోవాలి. మా ఆఫీసులో ఫైలు నడిచిన తీరే, కాకపోతే ఇక్కడ ఫైలు లోకమంతా చూస్తుంది.

నాకు ఇంకొకటి నచ్చింది. తప్పు దిద్దేటప్పుడు ఆ తప్పు ఏ పాత మాసికతో వచ్చిందో దాని గుర్తునూ శీర్షికనూ ఒక పంక్తిలో చూపిస్తారు. ఆ పంక్తిలో మనిషి పేరు ఉండదు. మేము ముందు మనిషిని పట్టుకుని, తరువాత తప్పు వెతికేవాళ్ళం.

నాలుగోనాడు జవాబు వచ్చింది. ఐరోపాలో ఎక్కడో ఉన్న ఆసామీ. ఏ పంక్తి మీద అభ్యంతరమో సరిగ్గా ఆ పంక్తి క్రిందనే వ్రాశాడు. ఇదే పొరపాటు ఇదే ఫంక్షనులో మరి రెండుచోట్ల ఉంది, చూడలేదా? ఎలా కనిపెట్టావు, చిప్పు దగ్గరుంచుకుని పరీక్షించావా, ఊరికే చదివి కనిపెట్టావా? కరెంటు దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు ఉంది గదా, అది ఎందుకు వాడలేదు? కుశలప్రశ్నలు లేవు, ముక్తసరిగా అంతే.

కోడలి మొహం చిన్నబోయింది. బాధ అభ్యంతరానికి కాదు. ఆ ఉత్తరాలు ఎప్పటికీ అలాగే ఉంటాయట, ఎవరైనా తీసి చూడవచ్చు. రేపు ఉద్యోగమిచ్చేవాడు ఆమె పేరు వెతికితే మొట్టమొదట కనిపించేది "చూడలేదా?" అన్న మాట.

మా ఆవిడ ఊరుకోలేదు. "ఎవడో పరాయివాడు మన పిల్లను అన్నేసి మాటలంటే మీరు చూస్తూ కూచుంటారేం? మీరూ నాలుగు వ్రాయండి!"

నేను ఆ ఉత్తరం మళ్ళీ చదివించుకుని విన్నాను. ముప్ఫైయొక్క ఏళ్ళ అనుభవంతో చెబుతున్నాను, అది మంచి పేరా. తిట్టు లేదు, అనుమానం లేదు. అతను ఆ ఫంక్షను పైనుంచి క్రిందిదాకా చదివితే గాని మిగతా రెండుచోట్లు కనిపించవు. ముక్కూ మొహం తెలియని మనిషి పని కోసం అంత శ్రద్ధగా కూర్చున్నాడన్నమాట. ఈ మాటే చెప్పాను. కోడలు ఏమీ అనలేదు గాని ఆ రాత్రి మళ్ళీ కూర్చుంది.

ఇప్పుడు కాస్త మర్యాద వచ్చింది గాని, ఒకప్పుడు అక్కడి ఉత్తరాలు ఘోరంగా ఉండేవట. టోర్వాల్డ్స్ నోరు ప్రసిద్ధి. పని బాగాలేదని చెప్పడంతో ఆగేవాడు కాదు, చేసినవాడి తెలివిని కూడా నలుగురిలో కడిగేసేవాడు. 2018 సెప్టెంబరు 16న ఆయనే ఒక ప్రకటన వ్రాశాడు. తన ఉత్తరాల్లో మనుషుల మీద చేసిన దాడులు తగనివని ఒప్పుకుని, క్షమాపణ చెప్పుకుని, ఎదుటివాళ్ళ మనసు అర్థం చేసుకోవడం ఎలాగో నేర్చుకుంటానని నెల్లాళ్ళపాటు పని ఇంకొకరికి అప్పగించి వెళ్ళాడు. అదే సమయంలో ప్రవర్తనా నియమావళి కూడా పెట్టారు. మర్యాద వస్తే పనిలో పదును పోతుందని కొందరు గొడవచేశారట. నాకు ఆ వాదం ఎన్నడూ ఎక్కదు. వోచరు లేదని వ్రాయడానికి గుమాస్తాను గాడిద అనవలసిన అగత్యం నాకెప్పుడూ రాలేదు.

రెండో మాసిక వెళ్ళింది. ఈసారి దానంతట అదే ఆగే ఏర్పాటుతో, ఇరవై పంక్తులు. దానికి మొదటి అభ్యంతరం మనిషి నుంచి కాదు, యంత్రం నుంచి. వచ్చిన ప్రతి మాసికనూ రకరకాల యంత్రాల కోసం కూర్చి చూసే రోబో ఒకటి ఉందట. ఒకానొక అమరికలో ఫలానా పేరు వాడకుండా మిగిలిపోయిందని అది పట్టేసింది. "దీనికి పిల్లాపాపా లేరు కాబోలు, రాత్రీ పగలూ ఇదే పని," అంది మా ఆవిడ.

మూడోది పంపింది. ఆ తరువాత ఒక్క అక్షరమైనా లేదు. వారం గడిచింది. రెండు వారాలు గడిచాయి. నిజానికి మా ఇంట్లో అసలు కష్టకాలం అదే. అభ్యంతరం వస్తే సమాధానం వ్రాయవచ్చు. ఏమీ రాకపోతే దేనికని సమాధానం? కోడలు పప్పులో ఉప్పు రెండుసార్లు వేసిన రోజులవి. కనీసం వారమైనా ఆగందే గుర్తుచేయకూడదని నియమం. ఆపైన కొత్త పనులను కెర్నెలులో కలిపే రెండువారాల గడువు అప్పుడే వచ్చిపడింది. ఆ రోజుల్లో మెయింటెయినర్లకు ఊపిరి సలపదు. తొమ్మిది పది వారాలకొకసారి కొత్త కెర్నెలు విడుదలవుతుంది. ఒక్కొక్క విడుదలలో సుమారు రెండువేలమంది వ్రాసిన పదమూడు పద్నాలుగు వేల మాసికలు చేరతాయి. వ్రాసేవాళ్ళకు కొదవ లేదు, చదివేవాళ్ళకే కరువు. మా శాఖలోనూ ఇంతే, లెక్కలు వ్రాసేవాళ్ళు వెయ్యిమంది ఉంటే తనిఖీచేసేవాళ్ళం పదిమందిమి.

ఓపికపట్టమని చెబుతూ మావాడు ఒక కథ చెప్పాడు. అనుకున్న క్షణానికి అనుకున్న పని జరిగి తీరేలా కెర్నెలును మలిచే పని ఒకటి 2004 ప్రాంతంలో మొదలై, కొంచెంకొంచెంగా లోపలికి చేరుతూ, 2024 సెప్టెంబరులో గాని పూర్తిగా కలవలేదు. ఆఖరి విన్నపాన్ని థామస్ గ్లైక్స్నర్ అనే ఆయన కాగితం మీద అచ్చువేయించి, బంగారురంగు కాగితంలో చుట్టి, వియన్నాలో టోర్వాల్డ్స్ చేతికిచ్చాడట. "అయితే నాకు ఇంకా ఇరవై ఏళ్ళు టైముందన్నమాట," అంది కోడలు. ఈ కథ చెప్పి మావాడు ఏం ఓదార్చాడో నాకు బోధపడలేదు.

అంత నిదానం దేనికని మీరు అడగవచ్చు. 2020లో అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయం పరిశోధకులు కొందరు, మారుపేర్లతో, బుద్ధిపూర్వకంగా దోషాలున్న మాసికలు పంపారు. చదివేవాళ్ళు పట్టుకోగలరో లేదో చూసి వ్యాసం వ్రాయడం వాళ్ళ ఉద్దేశం. ఆ దోషాలు కెర్నెలులో చేరకుండానే ఆగాయి గాని, 2021 ఏప్రిల్లో సంగతి పెద్ద రచ్చ అయింది. ఆ విశ్వవిద్యాలయం నుంచి ఇక ఏమీ పుచ్చుకోమని గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ అనే పెద్ద మెయింటెయినరు ప్రకటించాడు. అక్కడినుంచి అంతకుముందు వచ్చిన 435 మాసికలనూ కూర్చుని తిరిగి చదివారు. చాలావరకు నిక్షేపంగా ఉన్నాయి. చూడండి, దొంగవోచరు ఒక్కటి దొరికితే ఏళ్ళ తరబడి లెక్కలన్నీ విప్పవలసిందే. ఆ శ్రమ నాకు తెలుసు. అందులో నిజాయితీగా పనిచేసిన విద్యార్థుల సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

గడువు వెళ్ళాక కోడలు రెండు పంక్తుల్లో మర్యాదగా గుర్తుచేసింది. మూడోనాడు జవాబు వచ్చింది, వేరే మనిషి దగ్గరనుంచి. ఈయన అభ్యంతరం అసలుకే ఎసరు. యంత్రం నిద్రపోయే వేళ ఈ డ్రైవరు తానే కరెంటు ఆపిస్తుంది, లేచేటప్పుడు తానే ఇప్పిస్తుంది. కనుక దానంతట అదే ఆగే ఏర్పాటు దీనికి సరిపడదు, పాతపద్ధతిలోనే చెయ్యి, అన్నాడు. అంటే మొదటి ఆయన చెప్పినదానికి పూర్తిగా ఎదురు!

"ఇద్దరాఫీసర్ల మధ్య పడ్డావమ్మా," అన్నాను. మా కాలంలో అయితే ఇద్దరికీ కోపం రాకుండా ఫైలును బీరువాలో పెట్టేవారు. కోడలు అలా చేయలేదు. డ్రైవరంతా మొదటినుంచి మళ్ళీ చదివి, రెండో ఆయన మాటే సరైనదని తేల్చుకుని, ఎందుకు సరైనదో మొదటి ఆయనకు వ్రాసింది. మొట్టమొదటిసారిగా అభ్యంతరం ఆమె వైపునుంచి వెళ్ళింది. ఆ ఉత్తరం పంపేముందు నాకు చదివి వినిపిస్తుంటే గొంతు వణికింది. తెల్లవారేసరికి జవాబు: అవును, నేను ఆ నిద్రసంగతి గమనించలేదు, నువ్వన్నదే నిజం. అంతమంది చూస్తుండగా, ఒక్క ముక్కలో! నా సర్వీసులో పై అధికారి నుంచి అటువంటి కాగితం నేను అందుకోలేదు.

నాలుగో మాసికలో మార్పు మూడుచోట్ల మూడు పంక్తులు. దాని క్రింద ఆ ఇద్దరూ తాము చదివి సరిచూశామని తమ పేర్లు చేర్చారు. ఇదేమీ మొహమాటపు సంతకం కాదు. రేపు తప్పు తేలితే ఆ పేర్లూ అక్కడే ఉంటాయి. "తీసుకున్నాను, కృతజ్ఞతలు," అని మెయింటెయినరు వ్రాసిన రోజు మా ఆవిడ పూర్ణాలు వండింది. ఎన్ని పంక్తులని పక్కవాటా వారు అడిగితే మూడు అని చెప్పడానికి ఆవిడకు మనసొప్పక, "చాలా ఉన్నాయి లెండి," అంది.

ఉద్యోగం సంగతంటారా, ఇద్దరు పిలిచారు. ఒకచోట ఆ ఉత్తరాలన్నీ ముందే చదువుకుని కూర్చున్నారట. రెండేళ్ళ ఖాళీ ఊసెత్తలేదు. రెండో మాసిక ఎందుకు తప్పు, దాన్ని ఎలా తెలుసుకున్నావు అని గంటసేపు అడిగారట. కబురు ఇంకా రావాలి.

ఈలోగా పోయినవారం అదే డ్రైవరుకు ఇంకెవరో కుర్రవాడు మాసిక పంపాడు. చదివిపెట్టమని మెయింటెయినరు మా కోడల్ని అడిగాడు. రాత్రి కంప్యూటరు ముందు కూర్చుని, "మామయ్యగారూ, మీరు పేరా ఎలా మొదలుపెట్టేవారు?" అంది.

"'తనిఖీలో ఈ క్రింది లోపములు గమనించబడినవి' అని."

నవ్వి, అది కాదని, ముందు పంపినందుకు కృతజ్ఞతలు వ్రాసింది. తరువాత పదకొండో పంక్తి క్రింద తన అభ్యంతరం వ్రాసింది. ఆ కుర్రవాడు ఇంకా జవాబివ్వలేదు. పరీక్షల రోజులు కాబోలు అనుకుంటున్నాము.